షెడ్డు మూలన ఊరికే తిరిగే మోటారు గారికి

అయ్యా మూడు హార్స్‌పవర్ గారూ,

మీకు బెల్టు లేదు, పుల్లీ లేదు, షాఫ్టు మీద కీ కూడా పీకేశాం. పొద్దున మెయిన్ వేసింది మొదలు రాత్రి దించేదాకా నిమిషానికి దాదాపు 1500 చుట్లు ఉత్తినే తిరగడమే తమరి ఉద్యోగం. పెళ్లిపందిట్లో తోడు పెళ్లికొడుక్కైనా అంతకంటే ఎక్కువ పనుంటుంది. అయినా తమరు కదలందే ఈ లేతు షాపులో ఏ చక్కూ (పని ముక్కను పట్టి తిప్పేది) కదలదు.

తప్పు మీది కాదు లెండి. మా సందులోకి వచ్చేది రెండు తీగల లైను. మా మిషన్లకు మూడు ఫేజులు కావాలని కరెంటాఫీసుకు వెళ్తే, స్తంభాల ఖర్చు నువ్వే పెట్టుకోమని ఎస్టిమేటు చేతిలో పెట్టారు. ఆ అంకె చూశాక పాత మోటారు కొని 230 వోల్టులకు రీవైండింగ్ చేయించడమే నయమనిపించింది. అలా తమరు ఒక ఫేజును మూడు చేసే రోటరీ ఫేజ్ కన్వర్టర్ హోదాలో దయచేశారు.

హోదా కదా, సొంతంగా లేవరు. కెపాసిటర్ తట్టి లేపేదాకా గుయ్యిమని మూలుగుతారు. మొదట్లో తాడు చుట్టి లాగేవాళ్లం. ఎటు లాగితే అటే తిరిగేవారు, పట్టింపే లేదు. ఒకరోజు కుర్రాడు తాడు తిరగేసి చుట్టాడు. మీరు ఉల్టా, మీ వెనకాలే లేతూ ఉల్టా. మాది సీసా మూతలా మర తిప్పి బిగించే చక్కు. స్పిండిల్ మీంచి అది ఊడి వస్తుంటే అందరం గోడకు అతుక్కుపోయాం.

ఇక మీరిచ్చే మూడు ఫేజుల సంగతి. మొదటిది కరెంటాఫీసుది. రెండోదానికి టెస్టరు పెడితే వెలగదు. అది న్యూట్రలే, తమ దర్బారులో ఫేజుగా చలామణి అవుతోంది. మీరు పుట్టించేది మూడోదొక్కటే. అదీ పని లేనప్పుడు 250కి ఎగురుతుంది, లేతు మీద లోతుగా కట్ వేస్తే 210కి వాలుతుంది. అందుకే మిషను స్విచ్చును పట్టి ఉంచే స్టార్టర్ కాయిల్‌ను లైను నుంచి వచ్చే రెండు తీగల మీదే పెట్టాం. నొచ్చుకోకండి.

మీ తమ్ముడు స్టాటిక్ కన్వర్టర్‌నీ చూశాం. మోటారును లేపి తప్పుకుంటాడు. ఆ తర్వాత అది మూడింట రెండు వంతుల బలంతోనే ఈడ్చుకోవాలి. మీ మేనల్లుడు వీఎఫ్‌డీ, అంటే మూడు ఫేజులనూ తానే తయారుచేసే ఎలక్ట్రానిక్ పెట్టె, బుద్ధిమంతుడే, స్పీడు కూడా మన చేతికిస్తాడు. కాకపోతే మిషనుకొకడు కావాలి. మీరు లేతుకీ, డ్రిల్లింగుకీ, షేపరుకీ ఒక్కరే. పైగా లేతు తిరుగుతుంటే అదీ మీకు ఓ చెయ్యి వేస్తుంది, షేపరు సుళువుగా లేస్తుంది. పేరు మాత్రం మీకే.

టీకి వెళ్లేటప్పుడు ఆపుదామంటే మళ్లీ లేపడం మా ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి మేం టీ తాగుతాం, మీరు మీటరు తిప్పుతారు.

ఇట్లు,
మీ కరెంటు బిల్లు కట్టేవాడు

తా.క.: ముందు బేరింగు కీచుమంటోంది. ఆదివారం విప్పి గ్రీజు పెడతాం. షాపుకు సెలవే, మాకు మాత్రం ఆ రోజంతా మీ పనే.