ఎయిర్ మార్షల్ లెక్క ఇంటర్‌లోనే మొదలవుతుంది

దేవరకొండలో మా అక్క కొడుకు ఒకడున్నాడు. ఇంటర్ ఎంపీసీలో మంచి మార్కులు తెచ్చుకున్నాడు, మంచి పొడగరి, కళ్ళజోడు లేదు. బీటెక్ మూడో ఏడాదిలో ఉండగా ఫోన్ చేసి, "మామా, ఎన్డీఏ రాద్దామనుకుంటున్న, పైలట్ అయితా" అన్నాడు. అప్పటికే వాడికి 20 దాటింది. ఎన్డీఏ అంటే ఇంటర్ తర్వాత పిల్లల్ని సైనిక ఆఫీసర్లుగా తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ. అందులో చేరడానికి వయసు 16½ నుంచి 19½ మధ్య ఉండాలి. ఆ మాట చెబితే చాలాసేపు ఫోన్లో ఏమీ మాట్లాడలేదు. "ఇంటర్‌ల ఎవ్వలూ చెప్పలే మామా" అన్నాడు చివరికి.

నిజంగానే ఎవరూ చెప్పరు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఎంపీసీ అంటే ఎంసెట్, జేఈఈ. ఎన్డీఏ లెక్కల పేపర్‌లో చాలావరకు అవే పాఠాలు. ఇంటర్ రెండో ఏడాది చదువుతూనే రాయొచ్చు, ఏడాదికి రెండుసార్లు పెడతారు.

ఎయిర్‌ఫోర్స్‌లో పై హోదాకు వెళ్ళడం తెలివి, ధైర్యంతోపాటు సంవత్సరాల లెక్క కూడా. వింగ్ కమాండర్ దాకా సర్వీసును బట్టి, అంటే 13 ఏళ్ళకు, ప్రమోషన్ వస్తుంది. ఆపైన బోర్డు ఎంపిక చేయాలి. గ్రూప్ కెప్టెన్, ఎయిర్ కమొడోర్, ఎయిర్ వైస్ మార్షల్, అప్పుడు ఎయిర్ మార్షల్, అంటే వాయుసేనాధిపతి హోదాకు ఒక్క మెట్టు కింద. ఎయిర్ మార్షల్ 60 ఏళ్ళకు రిటైరవుతారు. హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ 1942లో కమిషన్ (ఆఫీసర్ హోదా) పొంది 1978లో వాయుసేనాధిపతి అయ్యారు. మధ్యలో 36 ఏళ్ళు. సికింద్రాబాద్‌లో పుట్టిన ఫాలీ హోమీ మేజర్ 1967లో మొదలుపెట్టి 2007లో ఆ కుర్చీ ఎక్కారు. ఆయనకు దాదాపు 40 ఏళ్ళు పట్టింది. హెలికాప్టర్ పైలట్ ఒకరు చీఫ్ కావడం అదే మొదటిసారి.

ఆ 60లోంచి 36 తీసేస్తే 24. అంటే ఆ వయసులోపే ఆఫీసరై ఉండాలి. ఎన్డీఏలో చేరినవాడు ఖడక్‌వాస్లాలో మూడేళ్ళు ఉండి, దుండిగల్ అకాడమీలో శిక్షణ పొంది 21, 22 ఏళ్ళకల్లా భుజం మీద చార వేసుకుంటాడు. డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాట్ అనే వాయుసేన పరీక్ష ద్వారా పైలట్‌గా చేరితే అది షార్ట్ సర్వీస్, 14 ఏళ్ళతో ముగుస్తుంది. ఎంత గొప్పగా నడిపినా వింగ్ కమాండర్ దగ్గర ఇంటికి రావాల్సిందే. డిగ్రీ పిల్లలకు పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా సర్వీసు, కావాలంటే సీడీఎస్ అనే పరీక్ష ఉంది, కానీ అందులోనూ వయసు 24 దాటకూడదు. ఏ గేటు నుంచి లోపలికి వెళ్ళావన్నదే ఎంతవరకు వెళ్తావో సగం తేల్చేస్తుంది.

మన పిల్లల్లో సత్తా లేదంటే నేను ఒప్పుకోను. హుజూర్‌నగర్ ఎమ్మెల్యే ఉత్తమ్ కుమార్ రెడ్డి రాజకీయాల్లోకి రాకముందు మిగ్ విమానాలు నడిపారు. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు ఆర్మీలో 37 ఏళ్ళకే ఒక బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణమిచ్చారు. ఆయన చిన్నప్పుడే కోరుకొండ సైనిక్ స్కూల్‌లో చేరారు, అక్కణ్నుంచి ఎన్డీఏకి వెళ్ళారు. దారి చిన్నతనంలోనే తెలిసింది. రాష్ట్రం విడిపోయాక ఆ కోరుకొండ స్కూలు ఆంధ్రప్రదేశ్ వైపే ఉండిపోయింది, ఆ తర్వాత మొదలైన కలికిరి సైనిక్ స్కూల్ కూడా అటువైపే.

ఎన్డీఏ రాత పరీక్ష 900 మార్కులు, ఎస్ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూ ఇంకో 900. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. ఎయిర్‌ఫోర్స్ ఇంటర్వ్యూ సెంటర్లలో మనకు దగ్గరిది మైసూరు. కాచిగూడ నుంచి మైసూరు వెళ్ళే రైలు మహబూబ్‌నగర్, గద్వాల మీదుగానే పోతుంది. రాత్రంతా ప్రయాణం చేసి వెళ్ళిన పిల్లవాడికి మొదటిరోజే ఒక మసక బొమ్మ చూపించి, కథ రాయమని, దాని మీద గుంపులో ఇంగ్లిష్‌లో మాట్లాడమంటారు. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని పిల్లవాడికి అక్కడే టెన్షన్. స్క్రీనింగ్‌లో పోతే ఆ సాయంత్రమే తిరుగు రైలు. లెక్కలు చెప్పే జూనియర్ కాలేజీలు వారానికి ఒక్క గంట పిల్లలతో మాట్లాడిస్తే ఈ దెబ్బ తప్పుతుంది. అమ్మాయిలకైతే ఇది మరీ అవసరం. సుప్రీంకోర్టు 2021లో చెప్పాకే వాళ్ళకు ఎన్డీఏ తలుపు తెరుచుకుంది. 2025 మేలో మొదటి బ్యాచ్‌గా 17 మంది బయటికి వచ్చారు.

మా వాడు ఇప్పుడు సీడీఎస్‌కు చదువుతున్నాడు. పోయిన పండక్కి ఊరెళ్తే, వాడు చదివిన కాలేజీ నోటీసు బోర్డు మీద ఎన్డీఏ నోటిఫికేషన్ మొదటి పేజీ అంటించి ఉంది. వయసు రాసిన లైను కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. అంటించింది వాడే.