సుత్తికి శాలువా కప్పాల్సిందే

కాజీపేట లోకో షెడ్డులో గేజీ పెట్టకుండా చక్రం సంగతి తేల్చరు. గూడ్సు బండ్లు లాగే డబ్ల్యూఏజీ-7 కరెంటు ఇంజన్ చక్రం వ్యాసం కొత్తలో 1092 మిల్లీమీటర్లు. 1016కు అరిగిందా, దానికి రిటైర్మెంటే. అంతటి క్రమశిక్షణ ఉన్న ఊళ్లో బల్ల మీది 1:87 మోడల్ ఇంజన్ (అసలుదానిలో 87వ వంతు సైజు బొమ్మ రైలింజన్) దగ్గరికొచ్చేసరికి కొలతలన్నీ బంద్. ఒక చేతిలో ఎమరీ పేపరు (గరుకు కాగితం), ఇంకో చేతిలో సుత్తి. ఈ స్వేచ్ఛకు ఎవరూ అడ్డురావొద్దని మనవి.

ముందు ఎమరీ మహాశయులకు దండం. చక్రం నల్లబడితే చాలు, పరపరా రుద్దుతారు. నికెల్ పూత లేచిపోయి లోపలి ఇత్తడి బయటపడుతుంది. గీతలు పడ్డ ఇత్తడికి మురికి మరింత తొందరగా పడుతుంది, పట్టాల నుంచి చక్రాల ద్వారా మోటారుకు వెళ్లే కరెంటు ఆగి ఆగి అందుతుంది. మళ్లీ రుద్దుతారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో తుడిస్తే పోయే మురికికి కొత్త చక్రాల సెట్టే కొనిపిస్తున్నారు. వ్యాపారం బతకాలి కదా!

ఇక చక్రం తిరిగినప్పుడల్లా 'టక్' మంటే నేరం మోటారు మీదకే పోతుంది. అసలు దొంగ ఇరుసు మధ్యలో ఉంటాడు. చాలా ఇంజన్లలో ఇరుసు రెండు ముక్కలు. రెండువైపుల నుంచి ప్లాస్టిక్ గేరులోకి బిగించి ఉంటాయి. ఆ బిగువుకు గేరు ఏళ్ల మీద నిలువునా చీలుతుంది. చీలిన చోట పళ్ల మధ్య ఎడం పెరుగుతుంది, ప్రతి చుట్టుకూ అక్కడే తట్టుకుంటుంది. సూపర్ గ్లూ పూసే పెద్దలున్నారు. ఆ జారుడు ప్లాస్టిక్కుకు జిగురు పట్టదు, పట్టినా పళ్ల ఎడం మారదు. గేరు మార్చాల్సిందే, పళ్ల లెక్క, రంధ్రం సైజు రెండూ పాతదానితో కలవాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా ఒకే బోగీలో (ఇంజన్ కింద ఇరుసులను పట్టి ఉంచే చట్రంలో) రెండు ఇరుసులు సంకీర్ణ ప్రభుత్వం నడుపుతాయి.

బోగీ అడుగు మూతను సన్న స్క్రూడ్రైవరుతో లేపితే ఇరుసులు ఊడొస్తాయి. చక్రం లాగడానికి పుల్లర్, బిగించడానికి చిన్న వైసు చాలు. కానీ సుత్తి దెబ్బలో ఉన్న గాంభీర్యం వాటికెక్కడిది? ఒక్క దెబ్బకు ఇరుసు వంగుతుంది, చక్రం నాట్యం మొదలుపెడుతుంది. పిరికివాళ్లు మాత్రం వెర్నియర్ (సన్నటి కొలతల పరికరం) పట్టుకుని రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య 14.4 మిల్లీమీటర్లు ఉందా అని చుట్టూ మూడు చోట్ల చూస్తారు. తగ్గితే పట్టాలు చీలే పాయింట్ల దగ్గర, చక్రాన్ని దారిలో ఉంచే చెక్ రైలుకు బిగుసుకుంటుంది. పెరిగితే ఫ్లాంజి (చక్రం లోపలి అంచు) పట్టాలు కలిసే క్రాసింగ్ ముక్కుకు గుద్దుకుంటుంది.

ఒకే ముక్క ఇరుసైతే ఒక చక్రానికి, రెండు పట్టాల కరెంటు కలవకుండా ప్లాస్టిక్ బుష్ (తొడుగు) ఉంటుంది. దాన్ని తిప్పి పెడితే షార్ట్ సర్క్యూటే. అప్పుడు కరెంటోళ్లను తిట్టడం ఆనవాయితీ.

ఇంతా చేస్తే మన బ్రాడ్ గేజీ, అంటే అసలు రైలు పట్టాల మధ్య ఎడం, 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు 19.26. ఇంట్లో పట్టాల గేజీ 16.5. కోచ్ ఫ్యాక్టరీ కోసం దశాబ్దాలుగా ధర్నాలు చేసిన కాజీపేటలో, ఈ రెండు ముప్పావు మిల్లీమీటర్ల కోసం ఒక్క రాస్తారోకో కూడా జరగలేదు.