పండక్కి దానికీ ఒక గది

సంక్రాంతికి తిరుపతి బయలుదేరే మనం టికెట్లు, కొండమీద దర్శనం, పిల్లల జలుబు మందులు అన్నీ ముందే చూసుకుంటాం. అమ్మానాన్నలకు తోడుగా ఉన్న కుక్క సంగతి ఎవరికీ తట్టదు. ఏడాదంతా ఇద్దరు మనుషులు, ఒక టీవీ తప్ప వేరే సందడి ఎరగదది. ఒక్కసారిగా ఇల్లంతా జనం, సూట్‌కేసులు. భోగినాడు తెల్లవారకముందే మంట, పలకల మోత.

అప్పుడు మనవాళ్లు చేసే పని ఒకటే: గేటు పక్కనో మెట్ల కిందో గొలుసు వేసి కట్టేస్తారు. వచ్చేపోయే ప్రతి ఒక్కరూ దాని ముందు నుంచే నడవాలి. అది పక్కకు పోలేదు, దాక్కోలేదు. అరిస్తే మళ్లీ తిట్లు. నన్నడిగితే పండగ రోజుల్లో కుక్కను ఉంచకూడని చోటు అదే. చుట్టాలు దిగకముందే బయట కాసేపు తిప్పి, వెనకగదిలో దాని పాత దుప్పటి, నీళ్లగిన్నె పెట్టి తలుపు దగ్గరికి వేయండి. ఫ్యాను హోరులో బయటి గోల కొంత కలిసిపోతుంది. "పండగపూట కుక్కను ఇంట్లోకి తెస్తావా?" అని జేజి గొణుగుతుంది. పూజగదికీ వంటింటికీ దూరంగా ఉన్న గది చూపిస్తే ఆమే సర్దుకుంటుంది.

తిరుపతి ఇళ్లలో ఇంకో చిక్కుంది. మా చిన్నాయన పొద్దున జుట్టుతో కొండకు పోయి, సాయంత్రం గుండుకు గంధం పూసుకుని దిగాడు. రోజూ ఆయన చేతి బిస్కెట్ తినే కుక్కే ఆయన మీదికి ఎగిరి మొరిగింది. పాపం, ఆయన బాగా నొచ్చుకున్నాడు. చేయి చాపకుండా నిలబడి మామూలుగా మాట్లాడితే, గొంతు విని అదే వచ్చి వాసన చూసి తోకాడించింది.

నాకు భయమేసే మాట "మాది ఏమీ చేయదులే". ఆ ధైర్యంతోనే మన పిల్లలు దాని మెడ కౌగిలించుకుంటారు. నిద్ర రాకున్నా ఆవలించడం, పెదవులు నాక్కోవడం, ముఖం తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, ఇవన్నీ టెన్షన్ గుర్తులు. గుర్రుమంటే కొట్టకండి, పిల్లను పక్కకు తీయండి. గుర్రుమనడానికి భయపడిన కుక్క ఇక చెప్పకుండానే కరుస్తుంది. పన్ను దిగితే 15 నిమిషాలు సబ్బుతో, ధార నీళ్లతో కడిగి, వెంటనే రేబిస్ టీకాకు వెళ్లాలి. ఇంటి కుక్కేగా అని వదిలేయకూడదు.

ఇక తిండి. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన మన లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. పాయసంలోనూ అంతే. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. "స్వామివారి ప్రసాదం, దానికీ ఓ ముక్క" అనే పెద్దల చేయి పట్టుకోవడం కష్టమే, అయినా పట్టుకోవాల్సిందే. కనుమనాడు ఉడికిన ఎముకలు వేస్తే చీలికలై గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటాయి. మనం మోసుకెళ్లే చాక్లెట్లూ దానికి విషమే, తెరిచిన సూట్‌కేసు నేలమీద వదలకండి. ఇలాంటివి తిన్నదని తెలిస్తే వాంతులయ్యేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న ఊరే మనది. అయినా పండగ సెలవుల్లో ఏ వేళకు ఏ డాక్టర్ ఉంటారో అమ్మను ఇప్పుడే కనుక్కోమనండి.