తప్పులు చేయడానికి ఒక ఊరు కావాలి: పరాయి గోల్‌పోస్టుల మధ్య ఇటలీ కుర్రాళ్లు

2014 ఏప్రిల్ 16. మాంచెస్టర్ సిటీ సొంత మైదానంలో సండర్లాండ్ 2-1తో ముందుంది. పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు, టైటిల్ కోసం పోరాడుతున్న జట్టు మీద ముందుంది. ఇంకో రెండు నిమిషాల్లో 90 పూర్తవుతుందనగా సమీర్ నస్రీ షాట్ కొట్టాడు. అంత గట్టి షాట్ కూడా కాదు. బంతి నేరుగా గోల్‌కీపర్ చేతుల్లోకి వచ్చి, జారి, మెల్లగా గీత దాటింది. 2-2.

ఆ గోల్‌కీపర్ పేరు వీతో మన్నోనే. ఇటలీ కుర్రాడు, అప్పటికి వయసు 26. ఆ రాత్రి అతని మీద ఇంగ్లండ్ పత్రికలు ఏం రాసి ఉంటాయో ఊహించుకోవచ్చు. మూడు రోజులు తిరిగేసరికి అదే మన్నోనే చెల్సీ మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి షాట్లు ఆపాడు. సండర్లాండ్ 2-1తో గెలిచింది. జోసె మౌరిన్హో కోచ్‌గా ఉండగా చెల్సీ సొంతగడ్డ మీద లీగ్‌లో ఓడిపోవడం అదే మొదలు. అంతకుముందు 77 మ్యాచ్‌ల్లో ఓటమి లేదు. సండర్లాండ్ ఆ సీజన్‌లో దిగువ డివిజన్‌కి పడిపోకుండా బయటపడింది. క్లబ్ ఆ ఏడాది ఉత్తమ ఆటగాడు మన్నోనే.

మూడు రోజుల్లో అలా లేచి నిలబడటం అతను ఎక్కడ నేర్చుకున్నాడు అన్నదే నాకు ఆసక్తి. పుట్టి పెరిగిన ఇటలీలో అయితే కాదు. అక్కడ సీనియర్ స్థాయిలో అతను ఆడే అవకాశమే రాలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు అన్నారు. మన్నోనే ఇల్లు గెలవకుండానే రచ్చకెక్కాడు. మిలాన్‌కి ఉత్తరాన ఉన్న డెజియో అనే ఊళ్లో 1988 మార్చి 2న పుట్టాడు. బెర్గామో జట్టు అటలాంటా కుర్రాళ్ల అకాడమీలో పెరిగాడు. ఇటలీలో ఆటగాళ్లను తయారుచేయడంలో ఆ అకాడమీకి మంచి పేరుంది. 2005లో, 17 ఏళ్లకే, ఆర్సెనల్ అతన్ని లండన్ తీసుకుపోయింది. అలా వెళ్లింది అతనొక్కడే కాదు. ఏడాది ముందు పార్మా నుంచి అర్తూరో లుపోలి ఆర్సెనల్‌కి, జుసెప్పె రోస్సి మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లారు. రెండేళ్ల తర్వాత లాజియో నుంచి ఫెదెరికో మకేడా వెళ్లాడు. మేము పెంచిన పిల్లల్ని ఇంగ్లండ్ వాళ్లు చవగ్గా ఎత్తుకుపోతున్నారని ఇటలీ క్లబ్బులు గోల పెట్టిన కాలం అది. 16 నిండిన యూరప్ కుర్రాళ్లు యూరప్‌లోపల క్లబ్ మారడానికి ఫిఫా నిబంధన వీలిచ్చింది, ఇంగ్లండ్ క్లబ్బులు ఆ వీలును బాగా వాడుకున్నాయి.

ఆ జాబితాలో మిగతావాళ్లు ఫార్వర్డ్‌లు. ఫార్వర్డ్ కుర్రాడు బెంచీ మీద కూర్చున్నా, ఆట చివర్లో పదిహేను నిమిషాలు దింపి చూస్తారు. గోల్‌కీపర్‌కి ఆ అదృష్టం లేదు. ఉన్నది ఒక్క చోటు. ముందున్నవాడికి దెబ్బ తగలాలి, జ్వరం రావాలి, లేదంటే ఘోరంగా తప్పు చేయాలి. క్రికెట్‌లో రెండో వికెట్ కీపర్ బాధ తెలిసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పైగా వికెట్ కీపర్ కనీసం బ్యాట్స్‌మన్‌గానైనా జట్టులోకి రావచ్చు. ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌కి వేరే పని చేతకాదు.

మన్నోనే వెళ్లేసరికి ఆర్సెనల్‌లో యెన్స్ లేమన్ ఉన్నాడు, అతని వెనక మనుయెల్ అల్మూనియా. తర్వాత లుకాష్ ఫబియాన్‌స్కీ వచ్చాడు, ఆ తర్వాత వోయిచెక్ షెజ్‌నీ. ఈ వరసలో మన్నోనే ఎప్పుడూ మూడో నంబరో నాలుగో నంబరో. 2006లో బార్న్‌స్లీకి లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, పంపితే అక్కడ రెండంటే రెండు లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. ఆర్సెనల్ తరఫున మొదటి మ్యాచ్ 2009 మే 24న, సీజన్ చివరి రోజు, స్టోక్ సిటీ మీద. అప్పటికి అతనికి 21 ఏళ్లు దాటాయి, లండన్ వచ్చి నాలుగేళ్లు కావస్తోంది.

ఇక్కడ ఒక పోలిక చెప్తాను. జాన్‌లుయీజీ దొన్నరుమ్మా 2015 అక్టోబర్ 25న, 16 ఏళ్ల 8 నెలలకే, ఎ.సి.మిలాన్ గోల్‌లో నిలబడ్డాడు. కోచ్ సినీషా మిహైలోవిచ్ అనుభవజ్ఞుడైన దియెగో లోపెస్‌ని పక్కనపెట్టి మరీ ఈ కుర్రాణ్ని దింపాడు. 2018 మేలో ఆ సీజన్ ముగిసేసరికి, 19 ఏళ్ల దొన్నరుమ్మా ఖాతాలో ఇటలీ అగ్రశ్రేణి లీగ్ సెరీ ఆ మ్యాచ్‌లు 106 ఉన్నాయి. 19 ఏళ్ల మన్నోనే ఖాతాలో బార్న్‌స్లీలో ఆడిన ఆ రెండే. ఇద్దరికీ ప్రతిభలో తేడా ఉంది, కాదనను. దొన్నరుమ్మా లాంటివాడు తరానికొక్కడు. కానీ 106కీ రెండుకీ మధ్య తేడా ప్రతిభ ఒక్కదానిది కాదు. అందులో సగం, కుర్రాణ్ని గోల్‌లో పెట్టి వాడు తప్పు చేస్తే భరిస్తానన్న కోచ్‌ది.

గోల్‌కీపర్ పని తప్పులు చేస్తేగానీ రాదు. పక్కనుంచి గోల్ ముందుకి ఎగిరొచ్చే బంతికి, అంటే క్రాస్‌కి, ముందుకు రావాలా, గీత మీదే ఆగాలా అనేది ఎంత ప్రాక్టీస్ చేసినా పూర్తిగా తెలియదు. జనం అరుస్తుండగా, ఎదుటివాడి మోచెయ్యి పక్కటెముకల్లో గుచ్చుకుంటుండగా, సెకనులో సగంలో తేల్చుకోవాలి. పది సార్లు తప్పుగా తేల్చుకుంటే పదకొండోసారి సరిగ్గా వస్తుంది. ఆ పది గోల్స్ ఏ ఊళ్లో, ఎవరి కళ్లముందు పడ్డాయన్నదే అతని కెరీర్ రాతని నిర్ణయిస్తుందని నా అభిప్రాయం.

ఇది తెలియాలంటే మాసిమో తాయిబి కథ చూడాలి. 1999లో మాంచెస్టర్ యునైటెడ్ అతన్ని వెనీజియా నుంచి 45 లక్షల పౌండ్లకు కొంది. 29 ఏళ్లవాడు, ఇంట గెలిచి వచ్చినవాడే. లివర్‌పూల్ మీద మొదటి మ్యాచ్‌లో యునైటెడ్ 3-2తో గెలిచింది, తాయిబి బాగా ఆడాడని అందరూ అన్నారు. రెండు వారాలకి సౌతాంప్టన్ ఆటగాడు మాట్ లె టిసియే కొట్టిన నెమ్మదైన షాట్ అతని కాళ్ల సందులోంచి లోపలికి పోయింది. తర్వాతి మ్యాచ్‌లో చెల్సీ ఐదు గోల్స్ కొట్టింది. అంతే, మొత్తం నాలుగు మ్యాచ్‌లు. తిరిగి ఇటలీకి, రెజ్జీనాకి. అక్కడ మళ్లీ గౌరవంగా ఆడాడు, ఒకసారి చివరి నిమిషాల్లో ఎదుటి గోల్ దాకా పరుగెత్తి తలతో గోల్ కూడా కొట్టాడు. కొత్త దేశం, కొత్త భాష, కొత్త రకం ఆట. అలవాటయ్యేదాకా చేసే తప్పుల్ని తాయిబి యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, ఛాంపియన్ జట్టు గోల్‌లో నిలబడి చేయాల్సొచ్చింది. అక్కడ అప్పు పుట్టదు.

అదే ఏడాది ఇంకో ఇటలీ గోల్‌కీపర్ ఇంగ్లండ్‌లో దిగాడు, ఎవరూ పట్టించుకోలేదు. కార్లో కుదిచీని. తండ్రి ఫాబియో కుదిచీని 1969లో మిలాన్‌కి యూరోపియన్ కప్ తెచ్చిన జట్టు గోల్‌కీపర్, ఇటలీలో ఆయన్ని నల్ల సాలీడు అనేవారు. కొడుక్కి మిలాన్‌లోనూ లాజియోలోనూ చోటు కుదరలేదు. చివరికి కాస్తెల్ ది సాంగ్రోలో తేలాడు. అబ్రుత్సో కొండల్లో ఐదారు వేల జనాభా ఉన్న ఊరది. అలాంటి చోటునుంచి చెల్సీ అతన్ని ముందు లోన్ మీద తెచ్చుకుని, తర్వాత 1,60,000 పౌండ్లకు కొనుక్కుంది. తాయిబి ధరలో ఇరవై ఎనిమిదో వంతు కంటే తక్కువ. చెల్సీ మొదటి గోల్‌కీపర్ ఎడ్ డి హోయ్ వెనక కూర్చుని, ప్రాక్టీస్‌లో ఇంగ్లండ్ ఆట నేర్చుకుని, మెల్లగా చోటు సంపాదించాడు. 2002లో చెల్సీ అభిమానులు అతన్ని ఏడాది ఆటగాడిగా ఎన్నుకున్నారు. ఇటలీ జాతీయ జట్టుకు మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బుఫ్ఫోన్, తోల్దో లాంటి గోల్‌కీపర్లు ఉన్న కాలంలో పుట్టడం అతని దురదృష్టం. 2004లో చెల్సీ గోల్‌లోకి పెట్ర్ చెక్ వచ్చాక మళ్లీ బెంచీయే.

చవగ్గా వచ్చినవాడికి ఒక సుఖం ఉంది. అతని నుంచి ఎవరూ ఏమీ ఆశించరు, టెన్షన్ సగం తగ్గుతుంది.

మళ్లీ మన్నోనే దగ్గరికి. 2009 సెప్టెంబర్‌లో అల్మూనియా, ఫబియాన్‌స్కీ ఇద్దరూ అందుబాటులో లేకపోయేసరికి తలుపు తెరుచుకుంది. ఫుల్హమ్ మీద 1-0 గెలుపులో అతను ఆపిన షాట్లు చూసి, ఆర్సెనల్ కోచ్ ఆర్సెన్ వెంగర్‌కి మంచి గోల్‌కీపర్ దొరికాడనుకున్నారంతా. నెల తిరగ్గానే వెస్ట్‌హామ్ మ్యాచ్‌లో ఒక బంతిని సరిగ్గా పట్టలేకపోయాడు, 2-0తో ముందున్న ఆర్సెనల్ 2-2తో బయటపడింది. అల్మూనియా కోలుకుని వచ్చేశాడు. తలుపు మూసుకుంది. 2012లో మళ్లీ కొన్ని మ్యాచ్‌లు, మళ్లీ నార్విచ్‌లో చేతుల్లోంచి జారిన బంతి, మళ్లీ బెంచీ. ఆర్సెనల్‌లో ఎనిమిదేళ్లు ఉండి ఆడినవి 23 మ్యాచ్‌లు.

ఎనిమిదేళ్లు వృథా అని తేల్చేయడం తేలిక. నేను అలా అనను. ఆర్సెనల్ రోజుల్లోనే మధ్యలో రెండు సీజన్లు లోన్ మీద రెండో డివిజన్ జట్టు హల్ సిటీకి ఆడాడు. లండన్ పత్రికలు అక్కడిదాకా పెద్దగా వెళ్లవు. గాలివాన, బురద, తల మీదకి ఎగిరొచ్చే క్రాస్‌లు, గుద్దుకుంటూ వచ్చే సెంటర్ ఫార్వర్డ్‌లు. అతను చేయాల్సిన పది తప్పుల్లో చాలావాటిని అక్కడ చేసి ఉంటాడు. 2013లో సండర్లాండ్‌కి వెళ్లేసరికి ఇంగ్లండ్ ఆట అతనికి కొత్త కాదు.

2014 జనవరి 22న మాంచెస్టర్ యునైటెడ్‌తో సండర్లాండ్ లీగ్ కప్ సెమీఫైనల్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో జరిగింది. తమాషా ఏమిటంటే అదనపు సమయం ఆఖర్లో బంతిని చేతుల్లోంచి జారవిడిచింది యునైటెడ్ గోల్‌కీపర్ డేవిడ్ డి హేయా. తర్వాత పెనాల్టీలు. రెండు జట్లూ పోటీపడి మిస్ చేసిన ఆ తంతులో మన్నోనే యానుజాయ్, రఫాయెల్ కొట్టినవి ఆపాడు. సండర్లాండ్ ఫైనల్‌కి వెళ్లింది. మార్చి 2న, సరిగ్గా అతని 26వ పుట్టినరోజున, వెంబ్లీలో సిటీ చేతిలో 3-1 ఓటమి. యాయా తూరె దూరం నుంచి తిప్పికొట్టిన బంతిని ఏ గోల్‌కీపరూ ఆపలేడు.

కథ అక్కడ ఆగితే బాగుండేది. ఆగలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో, మనకి శనివారం రాత్రి 7.30కి మొదలైన మ్యాచ్‌లో, సౌతాంప్టన్ చేతిలో సండర్లాండ్ 8-0తో చిత్తయింది. మొదటి గోల్ సొంత డిఫెండర్ వెర్జీనీ కొట్టిందే. మ్యాచ్‌కి అంత దూరం వెళ్లిన అభిమానుల టికెట్ డబ్బులు ఆటగాళ్లే జేబులోంచి ఇస్తామన్నారు. వారం తర్వాత ఆర్సెనల్ మీద మన్నోనే బంతిని సరిగ్గా తన్నలేకపోతే అలెక్సిస్ సాంచెస్ గోల్ కొట్టాడు. అక్కడితో అతని చోటు కోస్తెల్ పాంటిలిమోన్‌కి పోయింది. ఆరు నెలల క్రితం క్లబ్ ఉత్తమ ఆటగాడు ఇప్పుడు రెండో గోల్‌కీపర్.

ఇంతకాలానికి ఈ వృత్తాంతం గుర్తొచ్చిందంటే కారణం ఇంకో ఇటలీ గోల్‌కీపర్, గుల్యెల్మో వికారియో. 1996లో ఉదీనెలో పుట్టాడు. ఊరి జట్టు ఉదినేజే అకాడమీలో పెరిగి, నాలుగో స్థాయి లీగ్ సెరీ డిలో ఫొంతానాఫ్రెడ్డా అనే చిన్న జట్టుకు ఆడాడు. వెనీజియాతో సెరీ డి నుంచి సెరీ బి దాకా ఎక్కాడు. పెరూజా తరఫున సెరీ బిలో ఆడితే ఆ జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది. సెరీ ఆలో మొదటి మ్యాచ్ 2021 ఏప్రిల్‌లో, కాల్యారీ తరఫున, 24 ఏళ్లకి. తర్వాత ఎంపొలి, అక్కడినుంచి 2023లో లండన్ క్లబ్ టాటన్‌హమ్. మన్నోనే నడిచిన దారికి పూర్తిగా వ్యతిరేక దిశ ఇది, ఇంట మెట్టుమెట్టూ ఎక్కి రచ్చకి వెళ్లడం.

షాట్లు ఆపడంలో వికారియోకి మొదటి రోజునుంచే వంక పెట్టేవాళ్లు లేరు. కానీ 2024 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇంగ్లండ్ జట్లు ఒక కిటుకు కనిపెట్టాయి. కార్నర్ వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురు వెళ్లి అతని చుట్టూ నిలబడి కదలనివ్వకుండా చేయడం. ఎఫ్.ఎ.కప్‌లో మాంచెస్టర్ సిటీ అలాగే గెలిచింది, వారం తర్వాత ఎవర్టన్ అలాగే డ్రా చేసుకుంది. ఇటలీలో ఆ మాత్రం తోపులాటకి రెఫరీ విజిల్ వేస్తాడు, ఇంగ్లండ్‌లో ఆడుకోండి అంటాడు. మన్నోనే హల్‌లో నేర్చుకున్న పాఠాన్ని వికారియో 60 వేల మంది ముందు, ప్రపంచమంతా టీవీలో చూస్తుండగా నేర్చుకోవాల్సొచ్చింది. తాయిబితో పోలిస్తే అతని అదృష్టం ఏమిటంటే కోచ్ ఆంజ్ పోస్తెకోగ్లూ అతన్ని తీసేయలేదు. 2025 మేలో బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్ గెలిచినప్పుడు టాటన్‌హమ్ గోల్‌లో ఉన్నది వికారియోయే.

ఏ దారి మంచిదని అడిగితే, నా ఓటు వికారియో దారికే. అతని మెట్లన్నిటి మీదా మ్యాచ్‌లున్నాయి. మన్నోనే గడిపిన ఎనిమిదేళ్లలో ఎక్కువ భాగం ప్రాక్టీసే. అయితే ఇప్పుడు ఆ ఎంపిక కుర్రాళ్ల చేతిలో లేదు. బ్రెగ్జిట్ తర్వాత, 2021 జనవరి నుంచి, ఇంగ్లండ్ క్లబ్బులు 18 నిండని విదేశీ ఆటగాణ్ని తీసుకోకూడదు. 18 దాటినా పాయింట్ల లెక్క ఉంది. ఏ స్థాయి లీగ్‌లో ఎన్ని నిమిషాలు ఆడాడో చూస్తారు. బెంచీ మీద కూర్చున్న గోల్‌కీపర్‌కి పాయింట్లు ఎక్కణ్నుంచి వస్తాయి?

ఆ గేటు మూసుకోడానికి ఏడాది ముందు, 2020 జనవరిలో, ఇటలీ జట్టు కియేవో నుంచి 18 ఏళ్ల గోల్‌కీపర్ ఎలియా కాప్రిలే ఇంగ్లండ్ క్లబ్ లీడ్స్‌కి వెళ్లాడు. సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగొచ్చి, ఇటలీ మూడో డివిజన్‌లో ప్రో పాత్రియా గోల్‌లో నిలబడ్డాడు. తర్వాతి సీజన్‌లో బారి తరఫున సెరీ ఆ ప్రవేశం కోసం ప్లేఆఫ్ ఫైనల్ ఆడాడు. 90 నిమిషాలు దాటాక ఇంజురీ టైమ్ నాలుగో నిమిషంలో కాల్యారీ ఆటగాడు పవొలెత్తి గోల్ కొట్టడంతో బారి కల చెదిరింది. 2025లో కాప్రిలే వెళ్లి చేరింది ఆ కాల్యారీలోనే.