బిడ్డ పుట్టాక మొదలయ్యే పురుడు

పార్టోగ్రాఫ్ (నొప్పులు పడుతున్నంతసేపూ తల్లినీ బిడ్డనీ చూస్తూ చుక్కలు పెట్టాల్సిన గ్రాఫ్ కాగితం) అనే సాహిత్య ప్రక్రియకి ఇంతవరకూ ఒక్క అవార్డు కూడా ప్రకటించకపోవడం ఘోరమైన అన్యాయం, నేను చాలా సీరియస్‌గానే అంటున్నా. కథకి ఇస్తారు, కవితకి ఇస్తారు, ముందుమాటలు రాసేవాళ్ళకి కూడా సన్మానాలు చేస్తారు. లేబర్ రూమ్ బల్ల దగ్గర కూర్చుని పట్టుకోని నాడిని పట్టుకున్నట్టు, వినని గుండె చప్పుడుని విన్నట్టు, పది గంటల నొప్పుల్ని పది నిమిషాల్లో అల్లిపారేసే వాళ్ళని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అదీ ఎప్పుడు, కథానాయకుడు అప్పటికే పుట్టేసి పక్కన ఏడుస్తూ ఉండగా.

ఈ మధ్య అలాంటి రచన ఒకటి నా కంటపడింది. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు రాయాలి కదా, రాశారు. 140. మళ్ళీ అరగంటకి 140. రాత్రంతా 140. తల్లి నాడి 80, బీపీ 120/80, ఎక్కడా చుక్క కూడా పక్కకి జరగలేదు, చుక్కలన్నీ కలిపితే స్కేలు పెట్టి గీసినంత సరళరేఖ. మామూలు బిడ్డల గుండె పెరుగుతుంది తగ్గుతుంది, కదిలితే ఒకలా నిద్రపోతే ఒకలా ఉంటుంది, ఆ హెచ్చుతగ్గులు ఉంటేనే లోపల బాగున్నట్టు లెక్క. ఈ బిడ్డ మాత్రం ఏదో యోగ సమాధిలో ఉన్నాడు. పైగా చివర్లో అసలు మలుపు ఉంది, పుట్టిన సమయం 3:12 అని ఒకచోట రాసుంది, ఇంకోచోట 3:30కి గర్భంలో గుండె చప్పుడు 140 అని రాసుంది. పుట్టిన పద్దెనిమిది నిమిషాల తర్వాత కూడా లోపల బాగానే ఉన్నాడన్నమాట. ఇంతకన్నా పకడ్బందీ పర్యవేక్షణ ప్రపంచంలో ఎక్కడైనా ఉందా?

అసలీ కాగితం ఎందుకు పుట్టిందో ఒక్క ముక్క చెప్పుకోవాలి. నొప్పుల పురోగతిని, అంటే గర్భాశయ ముఖం ఎన్ని గంటలకి ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో, గ్రాఫ్‌లో గీయడం 1954లో ఫ్రైడ్‌మన్ అనే అమెరికా డాక్టర్ మొదలుపెట్టాడు. 1972లో ఫిల్‌పాట్, కాసిల్ అని ఇద్దరు డాక్టర్లు అప్పటి రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే) దాని మీద రెండు గీతలు గీశారు, ఒకటి హెచ్చరిక గీత, దానికి నాలుగు గంటలు కుడివైపున చర్య తీసుకోవాల్సిన గీత. ఎవరి కోసం? డాక్టర్ దగ్గర్లో లేని చిన్న ప్రసూతి కేంద్రాల్లో పనిచేసే మిడ్‌వైఫ్‌ల కోసం. గీత దాటుతోంది, ఇక ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి పంపించు అని కాగితమే అరిచి చెప్పాలని. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియాలో 35,484 మంది స్త్రీల మీద చేసిన అధ్యయనంలో ఇది వాడాక పద్దెనిమిది గంటలు దాటిన కాన్పులు 6.4 శాతం నుంచి 3.4 శాతానికి తగ్గాయి. అంటే నొప్పులు నడుస్తుండగా గీస్తే పనిచేసే వస్తువు ఇది. అయిపోయాక గీస్తే ఆ హెచ్చరిక గీత ఎవర్ని హెచ్చరిస్తుంది, గోడనా?

ఇప్పుడు రచనా విధానం. షిఫ్ట్ అయిపోవడానికి ఇరవై నిమిషాలుంది, బల్ల మీద మూడు కేస్ షీట్లు, హ్యాండోవర్ తీసుకునే వాళ్ళు వచ్చేస్తున్నారు. చిన్న సిస్టర్ పెన్ను పట్టుకుని కూర్చుంటుంది, పెద్ద సిస్టర్ గ్లౌజులు విప్పుతూ చెప్తూ ఉంటుంది.

"అక్కా, బీపీ ఎంత వెయ్యను?"

"నూట ఇరవై బై ఎనభై."

"ఎవరికక్కా?"

"ఎవరికైనా."

"మరి టెంపరేచర్?"

"బతికే ఉంది కదా, తొంభై ఎనిమిది పాయింట్ ఆరు వేసెయ్."

"రెండింటికి పీవీ (లోపలి పరీక్ష) చేసినట్టు రాయాలక్కా, ఎన్ని సెంటీమీటర్లు వెయ్యను?"

"ఎన్నింటికి కన్నది?"

"మూడుంబావుకి."

"అయితే రెండింటికి ఎనిమిది వెయ్, గీత దాటకుండా చూస్కో, దాటితే డాక్టర్‌ని ఎందుకు పిలవలేదని అడుగుతారు."

ఆ ఆఖరి మాట మళ్ళీ చదవండి. గీత దాటకుండా చూస్కో. మనిషి దాటకుండా కాదండీ, గీత దాటకుండా. అంటే ఆ గీత ఎందుకుందో వీళ్ళకి తెలీక కాదు, పూర్తిగా తెలుసు. తెలిసే దానికి ఎడంపక్కనే, అందంగా, క్రమశిక్షణగా చుక్కలు పెట్టుకుంటూ పోతారు. ఒకే నీలం పెన్ను, ఒకే ఒత్తు, ఒకే చేతిరాత, పది గంటల్లో మధ్యలో డ్యూటీ మారినా సరే చేతిరాత మారదు. ఇంకొందరు ముందుచూపున్న రచయితలున్నారు, వాళ్ళు ఆమె అడ్మిట్ అయిన వెంటనే తెల్లారేదాకా నింపేసి పెట్టుకుంటారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఊరికే అన్నారా, ఇక్కడ సోమలింగానికి రేపు పొద్దున ఆరింటి గుండె చప్పుడు కూడా రెడీగా ఉంటుంది.

ఆలస్యంగా రాయడం నేరం కాదు, ఆ మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. రక్తం ధారలా పోతుంటే పెన్ను వెతుక్కునే మిడ్‌వైఫ్ నాకొద్దు బాబోయ్. ముందు మనిషిని చూడాలి, తర్వాతే కాగితం. తర్వాత రాసేటప్పుడు ఇది తర్వాత రాసింది అని రాసి, జరిగిన టైమ్ ఇది, రాస్తున్న టైమ్ ఇది అని రెండూ వేసి సంతకం పెడితే ఏ కోర్టూ కాదనదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, కింద ఏముందో కనపడేలా ఉంచి, పక్కన సరిచేసి సంతకం పెట్టాలి. నర్సింగ్ స్కూల్లో మొదటి ఏడాది చెప్పే పాఠం ఇది. చూడని టైమ్‌లో చూసినట్టు రాయడం మాత్రం ఆలస్యం కాదు, దాని పేరు దొంగ సాక్ష్యం. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అని మన సామెత (అసలు సామెత ఇంకొంచెం ఘాటుగా ఉంటుంది, మీకు తెలుసు). అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల సమాఖ్య 1993లో నైతిక నియమావళి పెట్టుకుని అందులో చెప్పిన సంగతి కూడా అదే, తన నిర్ణయాలకీ చేతలకీ మిడ్‌వైఫే బాధ్యురాలు, వాటి ఫలితానికి జవాబుదారీ కూడా ఆవిడే అని. సామెతలో ఏదొచ్చినా పట్టాలి అని ఉంది గానీ ఏదొచ్చినా 140 అని రాయాలి అని లేదు.

సరే, ఇంతవరకూ నవ్వుకున్నాం. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత పార్టోగ్రాఫ్‌ని మార్చి లేబర్ కేర్ గైడ్ అని కొత్తది తెచ్చింది. ఐదు సెంటీమీటర్లు తెరుచుకున్నాక మొదలుపెట్టాలి. దాన్ని తయారుచేసినవాళ్ళు పాపం మంచి మనుషులు, సెంటీమీటర్లకన్నా పైన మనిషి గురించి నాలుగు వరసలు పెట్టారు. పక్కన తోడు ఉన్నారా, నొప్పి తగ్గించే ఏర్పాటు ఉందా, తాగడానికి ఏమైనా ఇచ్చారా, వెల్లకిలా పడుకోబెట్టారా లేక కదలనిస్తున్నారా. మొదటి మూడింటికీ అవును, కాదు అనే జవాబులతో పాటు ఇంకోటి ఉంది, ఆమే వద్దంది అని. ఇచ్చాం గానీ తీసుకోలేదు అని గౌరవంగా రాయడానికి పెట్టిన గడి అది. మన రచయితల చేతికి ఆ గడి దొరికింది చూడండి, పండగే పండగ. కాదు అని రాస్తే ఎందుకు కాదు అని అడుగుతారు కదా. ఆమే వద్దంది అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు.

తోడు? ఆమే వద్దంది. ఆ తోడు బయట తలుపు కొడుతూనే ఉంది, లోపలికి రాకూడదమ్మా అని రెండుసార్లు గెంటేశారు, కాగితం మీద మాత్రం ఈమెకి అమ్మ వద్దు. నీళ్ళు? వద్దంది. గొంతెండిపోయి అడుగుతుంటే ఇప్పుడేం తాగకూడదు పడుకో అన్నారు, కాగితం మీద మాత్రం ఈమెకి దాహం లేదు. నొప్పికి మందు? అది కూడా వద్దంది, ఎందుకంటే ఈమె నొప్పిని ఆస్వాదిస్తోంది కాబోలు. అడగని ప్రశ్నలకి ఆమె నోట్లోంచి జవాబులు లాగి, ఆమె పేరున్న కాగితం మీద, ఆమె చూడకుండా రాసి పెట్టుకోవడానికి చెయ్యెలా వస్తుందయ్యా మీకు? బిడ్డ బయటికొచ్చే దారి కత్తిరించేముందు ఒక్క మాట చెప్పలేదు, చెప్పడానికి ఐదు సెకన్లు పట్టదు, "అమ్మా ఇక్కడ కోత పెట్టాల్సొస్తోంది, ఇందుకు, సరేనా" అంతే. చెప్పకుండా కోసి, కుట్లేసేటప్పుడు మత్తు సరిగ్గా ఎక్కకముందే సూది దింపి, కేకేస్తే కాళ్ళ మీద ఒకటి కొట్టి, కేస్ షీట్‌లో కన్సెంట్ తీసుకున్నాం అని రాస్తారు! ఏది కన్సెంట్? అడ్మిషన్ దగ్గర నొప్పుల మధ్య ఖాళీ కాగితం మీద పెట్టించుకున్న సంతకమా? అది ఒప్పుకోలు కాదు. ఆ సంతకంతో కోతకీ తిట్లకీ దెబ్బలకీ అన్నిటికీ టోకున పర్మిషన్ వచ్చేసిందనుకుంటున్నారా?

చెప్తే భయపడతారండీ అంటారు, అదొక పాత పాట. ఆ పాట పాడిన కేసు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2015లో మాంట్‌గోమరీ కేసు. షుగర్ ఉన్న తల్లి, అలాంటి తల్లులకి బిడ్డ భుజాలు ఇరుక్కునే ప్రమాదం 9 నుంచి 10 శాతం, డాక్టర్ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెప్తే ఎక్కువమంది సిజేరియనే అడుగుతారని. అంటే నిజం తెలిస్తే నిర్ణయం మారిపోతుంది కాబట్టి నిజం చెప్పలేదు, ఇది కారణం! కోర్టు చెప్పాల్సిందే అంది, ఆ మనిషి స్థానంలో ఉన్నవాళ్ళకి ముఖ్యమనిపించే ప్రమాదాన్ని దాచే హక్కు మీకు లేదంది. అక్కడ డాక్టర్ అయితే ఏంటి, మిడ్‌వైఫ్ అయితే ఏంటి, చెప్పాల్సిన మాట ఒకటే కదా.

రక్తం సంగతి ఇంకో అద్భుతం. పోయిన రక్తం 250 మిల్లీలీటర్లు. అందరికీ. మామూలు కాన్పులో 500 దాటితే ప్రమాదం అని పుస్తకంలో ఉంటుంది కాబట్టి కరెక్ట్‌గా సగం దగ్గర ఆపుతారు, అదొక సౌందర్య దృష్టి. కంటితో చూసి అంచనా వేస్తే పోయినదానికన్నా తక్కువే తోస్తుందని ఈ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. 2023లో ఈ-మోటివ్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి, కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు, కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచీ కింద పెట్టి రక్తాన్ని కొలిచి, ఎక్కువవగానే చేయాల్సినవన్నీ ఒకేసారి చేస్తే తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట కోసి ఆపరేషన్, మరణం, ఇవన్నీ కలిపి 60 శాతం తగ్గాయి. గీతలున్న సంచీ, అంతే, పెద్ద రాకెట్ సైన్స్ ఏం లేదు. కొలవకుండా 250 రాస్తే ఆ తర్వాత వచ్చిన డాక్టర్ ఏమనుకుంటాడు? మామూలే కదా అనుకుంటాడు. ఆమె కళ్ళు తేలేస్తున్నా కాగితం మామూలే అంటుంది, కాగితం చూసినవాడు ఆమె వైపు చూడడు.

ఇంగ్లండ్‌లో మోర్‌కాంబ్ బే ఆసుపత్రుల్లో కాన్పుల మీద జరిగిన విచారణ నివేదిక వచ్చింది, అది కూడా 2015లోనే. ఒక తల్లి, పదకొండుమంది బిడ్డలు, వేరేలా చూసుకుని ఉంటే బతికేవాళ్ళని తేల్చింది. ఆ విచారణకర్తలు ఇంకో మాట రాశారు, పుట్టిన బిడ్డ ఒళ్ళు చల్లబడితే దాని అర్థమేంటో అక్కడి సిబ్బందిలో ఒక్కరికీ తెలీదన్నట్టు అందరూ ఒకే మాట చెప్పడం నిజాన్ని వక్రీకరించడమే అని. రికార్డులు కనపడకుండా పోవడం గురించి కూడా రాశారు, అమాయకమైన కారణం ఉండొచ్చు గానీ ఆందోళనగా ఉంది అని. చూశారా ఎంత మర్యాద. నాకంత మర్యాద లేదు. బిడ్డ ఊపిరందక పుట్టినప్పుడు, లోపల అంతా 140 అని మీరు రాసుకున్న కాగితం మీకు రక్షణ అనుకుంటారు. ఆ తల్లికి ఆ కాగితం ఏం చెప్తుందో ఆలోచించారా? అక్కడ అంతా బాగానే జరిగింది, అంటే తప్పు నాదేనేమో, నేనే సరిగ్గా నెట్టలేదేమో అని ఆవిడ ఏళ్ళ తరబడి కుమిలిపోతుంది. మీ చుక్కలు ఆవిడ నెత్తిన వేసిన నేరం అది.

ఇప్పుడు సిస్టర్లు నా మీద పడతారు, ఒక్కదాన్నే ఉన్నా, నలుగురు నొప్పుల్లో ఉన్నారు, ఎలా వినను అరగంటకోసారి అని. నిజం, ఒప్పుకుంటా. అయితే అదే రాయండి! "2:30కి చూడలేదు, పక్క మంచం మీద కాన్పు జరుగుతోంది, నేను ఒక్కదాన్నే, ఫలానా వాళ్ళకి ఫోన్ చేశా, రాలేదు" అని రాయండి. అంత నిజమైన ఎంట్రీ ఆ ఫైల్లో ఇంకోటి ఉండదు, రేపు కోర్టులో మిమ్మల్ని కాపాడేది కూడా అదే. కానీ రాయనివ్వరు. ఎందుకంటే ఖాళీ గడి ఉంటే ఆడిట్‌లో మార్కులు తగ్గుతాయి, నిండిన గడి ఉంటే పెరుగుతాయి, నిజమో కాదో చూసే గడి ఆడిట్ ఫారంలో లేదు. నలుగురు చెయ్యాల్సిన పనికి ఒక్కరిని పెట్టిన పెద్దమనుషులకి ఆ ఒక్క వాక్యం అంటే చచ్చేంత భయం, 140 అంటే ఎంతో ఇష్టం. దొంగ చుక్క పెట్టిన ప్రతిసారీ సిస్టర్ కాపాడుతున్నది తన ఉద్యోగాన్ని కాదు, ఆ పోస్టులు భర్తీ చెయ్యనివాళ్ళ కుర్చీని.

ఈ దరిద్రానికి మందు టెక్నాలజీ అని కొన్నిచోట్ల ట్యాబ్‌లు ఇస్తున్నారు. పెన్ను పోయింది, టకటకా నొక్కడం వచ్చింది, పాత అంకెల్నే కాపీ కొట్టుకునే సౌకర్యం కూడా ఉంటే ఇక చెప్పేదేముంది, 140 టైప్ చేసే శ్రమ కూడా తప్పింది. ఒక్కటే చిక్కు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఏ ఎంట్రీ ఏ సెకనుకి పడిందో వెనకాల లాగ్‌లో రాసుకుంటూ పోతుంది, దాన్ని గీత దాటకుండా చూస్కో అంటే వినదు. కేసు పడిన రోజు లాయరు కేస్ షీట్ ప్రింటౌట్ అడగడు, ఆ లాగ్ అడుగుతాడు. రాత్రి ఎనిమిది నుంచి తెల్లారి ఆరు దాకా ఇరవై గుండె చప్పుళ్ళు, అన్నీ ఉదయం 6:41కీ 6:45కీ మధ్య ఎక్కాయని తేలాక, అమ్మా ఆ నాలుగు నిమిషాల్లో మీరు ఆమె పొట్ట మీద ఎన్నిసార్లు చెవి పెట్టారు అని అడుగుతాడు. అప్పుడు చెప్పండి, 140 అని.