దయచేసి దీన్ని షికారు అనకండి

స్నేహితులతో కలిసి బుల్లెట్ మీద దూరం వెళ్లడాన్ని కొందరు 'షికారు' అంటున్నారు. మా ఇంట్లో అయితే 'బలాదూరు తిరుగుళ్లు' అన్న మాట వాడుకలో ఉంది. ఇరవై ఏళ్లుగా ఈ రంగంలో నడుం అరగదీసుకున్నవాడిగా దీన్ని ఖండించడం నా విధి. వెనకటికి కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనేవారు, పొలిమేర దాకా ఏడుస్తూ సాగనంపేవారు. ఇప్పుడు మమ్మల్ని "వచ్చేటప్పుడు పెరుగు ప్యాకెట్ పట్టుకురండి" అని పంపిస్తున్నారు.

ముందు గమ్యం సంగతి. ఏ యాత్రయినా లద్దాఖ్‌కే మొదలవుతుంది, కూకట్‌పల్లి టీ బంకులో. మా బ్యాచ్ 2011 నుంచీ లద్దాఖ్ వెళుతూనే ఉంది. ఖార్దుంగ్ లా కనుమ ఎత్తు 18,380 అడుగులని అక్కడి బోర్డు మీద రాసి ఉండేది. జీపీఎస్‌తో కొలిచినవాళ్లు 17,582 అన్నారు. ఈ 798 అడుగుల దగ్గర మా బ్యాంకు బావకీ లెక్కల మాస్టారికీ చెడి, ఆర్నెల్లు మాటల్లేవు. ఇద్దరిలో ఎవరూ మేడ్చల్ దాటి ఉత్తరానికి పోయినవాళ్లు కారు. 2020లో లద్దాఖ్ దారిలోని రోహ్‌తాంగ్ కనుమ కింద తొమ్మిది కిలోమీటర్ల సొరంగం తెరిచి, ఆ కనుమ ఎక్కే పని తప్పించారని తెలిసినప్పుడు మేమంతా చాలా బాధపడ్డాం. మా కష్టం తగ్గించే హక్కు ప్రభుత్వానికి ఎవరిచ్చారు?

అయినా హ్యాండిల్‌కు అయిదు రంగుల టిబెటన్ ప్రార్థన జెండాలు కట్టుకున్నాం. లేహ్‌లో కట్టుకోవాల్సినవి, కోఠీలో దొరికాయి.

చివరికి సెలవులూ, ఇంటి అనుమతులూ, మోకాలి నొప్పులూ తీసేయగా మిగిలింది శ్రీశైలం. రెండో శనివారం.

ఇక బండి. నాది పాత బుల్లెట్. పోత ఇనుప ఇంజను, 346 సీసీ, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. 1955లో మద్రాసులో బిగించడం మొదలుపెట్టిన వంశం. మా మేనల్లుడు "మామయ్యా, ఒక్క రౌండ్" అని తీసుకెళ్లి, బ్రేకు అనుకుని గేరు తొక్కుతూ కొబ్బరిబొండాల కుప్పలో ఆగాడు. ఆ రోజు పదకొండు బొండాలు కొన్నాం. ఒంటికి మంచిదే.

దీన్ని స్టార్ట్ చేయడం అని లోకం అంటుంది. నిజానికి అది అనుష్ఠానం. తాళం తిప్పి, కిక్కు రాడ్డును మెల్లగా నొక్కుతూ, ట్యాంకు ముందున్న, కరెంటు కొలిచే ఆమీటర్‌లో ముల్లు మధ్యకి వచ్చేదాకా చూడాలి. వచ్చాక ఎడమచేతి దగ్గరున్న, ఇంజను లోపలి ఒత్తిడి వదిలించే చిన్న లీవరు పట్టి, కిక్కును ఇంకొంచెం దించాలి. లీవరు వదలాలి. కిక్కును పూర్తిగా పైకి రానివ్వాలి. అప్పుడు బరువంతా వేసి ఒక్క తన్ను. ముల్లు దగ్గర తొందరపడితే కిక్కు తిరిగొచ్చి పిక్క మీద తంతుంది. నా కుడి పిక్క చూసి మా డాక్టరు కుక్క కరిచిందా అని అడిగారు. ఇంట్లోవాళ్ల ముందు కాబట్టి కుక్కే అన్నాను.

పొద్దున్నే అయిదింటికి బయల్దేరాలని తీర్మానం. ఏడుగురం చేరేసరికి పదకొండు. ఎలాగూ ఆలస్యమైంది కాబట్టి భోంచేసే కదిలాం. కడ్తాల్‌లో టీ, కల్వకుర్తిలో టీ, డిండి చెరువు దగ్గర ఫొటోలు, మళ్లీ టీ. జాతీయ రహదారుల మీద బైకులకు టోల్ లేదు. మా త్యాగాన్ని రాజ్యం గుర్తించింది అక్కడొక్కచోటే. ఆ గుర్తింపు కూడా టోల్‌గేటు ఎడమ చివర, సిమెంటు దిమ్మెకీ గుంటకీ మధ్య, గేదె పట్టేంత సందులో ఇస్తారు.

హాజీపూర్ దగ్గర నా క్లచ్ వైరు తెగింది. మూడేళ్లుగా దానికి చుక్క నూనె వేయలేదు, తప్పు నాదే. మా దగ్గర మోకాలి కవచాలున్నాయి, హెల్మెట్ కెమెరాలున్నాయి, చలిజాకెట్లున్నాయి. క్లచ్ వైరు ఒక్కటి లేదు. ఏడుగురం బండి చుట్టూ నిలబడ్డాం. తెగిన వైరు నా చేతిలో వేలాడుతుండగానే లెక్కల మాస్టారు వంగి చూసి "కార్బొరేటర్" అన్నారు.

అచ్చంపేట నుంచి వైరు వచ్చి, బిగించి, మన్ననూర్ చెక్‌పోస్టు చేరేసరికి తొమ్మిదీ పది. అక్కణ్నుంచి అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు వదలరు.

"పది నిమిషాలే కదన్నా," అన్నాడు బ్యాంకు బావ.

"పులికి జెప్తరా సార్, పది నిమిషాలు ఆగుమని?" అన్నాడు గార్డు.

ఆ రాత్రి మూసేసిన టిఫిన్ బండి పక్కన బెంచీల మీద పడుకున్నాం. జాకెట్లలోంచి దూరిన దోమలు రసీదు ఇవ్వలేదు గానీ, ఈ ఒక్క రాత్రి చాలు, మా యాత్రలను ఆన్ డ్యూటీగా పరిగణించి టీఏ, డీఏ ఇవ్వాలనే నా డిమాండ్‌కు ఆధారంగా. సంబంధిత శాఖ ఏదో తేలగానే అర్జీ పెడతాను.

ఆరింటికి గేటు లేచింది. మిగతా ఆరుగురూ బటన్లు నొక్కి సిద్ధమయ్యారు. నేను ముల్లు చూశాను, లీవరు పట్టాను, తన్నాను. పదిహేను తన్నులు. చొక్కా తడిసింది. గార్డు టీ గ్లాసు బెంచీ మీద పెట్టి వచ్చి, నన్ను పక్కకి జరగమని, ముల్లు వంక ఒకసారి చూసి చెప్పుతోనే ఒక్క తన్ను తన్నాడు. బండి డుగ్ డుగ్‌మంది.

"మా నాయినది గిదే బండి సార్. అమ్మి ఎడ్లు కొన్నం," అన్నాడు.

లెక్కల మాస్టారు మాత్రం ఇప్పటికీ కార్బొరేటరే అంటున్నారు.