275 రూపాయల అవమానం

రాయచోటి, రాజంపేట, కడప మనుషులకు కువైట్ ఎట్లా పోవాలో చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. తాత పోయొచ్చినాడు, నాయన పోయొచ్చినాడు, ఇప్పుడు కొడుకు పాస్‌పోర్టుకు ఫోటో దిగుతున్నాడు. ఇంత అనుభవమున్న సీమకు ఢిల్లీ వాళ్లు ఒక ఘోరమైన అన్యాయం చేసినారు. దాన్ని ఏ పార్టీ ఎత్తుకోలేదు, కలెక్టరాఫీసు ముందర ఒక్క టెంటూ పడలేదు. పోయేవాడికి అక్కరకొచ్చే కాగితాలన్నిటినీ మరీ చవగ్గా పెట్టినారు.

బీమానే తీసుకోండి. పదో తరగతి పాసు కానివాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది, అంటే పనికి పోయే ముందు ప్రభుత్వం అనుమతి తీసుకోవాల్సినవాడని. అట్లాంటివాడు కువైట్‌తో సహా 18 దేశాల్లో దేనికి పనికి పోవాలన్నా ప్రవాసీ భారతీయ బీమా యోజన కట్టి తీరాల. ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా అవిటివాడైనా 10 లక్షలు వస్తాయి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. సాగనంపే రోజు కోసిన కోళ్లలో ఒకదాని ఖరీదు! 10 లక్షల వస్తువును కోడి ధరకు అమ్మితే అందులో ఏదో మోసముందని మనవాడికి అనుమానం రాదా? ఆ అనుమతికి, అదే ఎమిగ్రేషన్ క్లియరెన్సుకు, ఫీజు 200. పోయే ముందు ఒకరోజు శిక్షణ, అది మరీ ఉచితం. ఉచితంగా చెప్పే మాట వినడానికి పని మానుకొని పోయేంత తెలివితక్కువవాళ్లు ఈ జిల్లాలో లేరు.

ఏజెంటు సంగతీ అంతే. లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400 మించి తీసుకోకూడదు. తీసుకున్నదానికి రసీదు ఇయ్యాల. వాడి లైసెన్సు నంబరు నిజమో కాదో ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. ఇంత అల్పుడు మన ఊరి సబ్ ఏజెంటు ముందు నిలవగలడా? తెల్లచొక్కా, బుల్లెట్టు, రెండు ఫోన్లు, అడిగేది రెండు లక్షలు. రెండు లక్షలు అడిగే ధైర్యమున్నవాడు ఉత్తోడు ఎందుకవుతాడు? రసీదు మాట ఎత్తితే, "నామీద నమ్మకం లేదా అబ్బీ?" అంటాడు. ఆ ప్రశ్నకు సీమలో ఇంతవరకు జవాబు పుట్టలేదు.

చట్టం కూడా ఇతనికి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చింది. లైసెన్సు లేకుండా మనుషుల్ని దేశం దాటిస్తే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు, జరిమానా 2,000 రూపాయల దాకా. రెండు లక్షలు కాదు, రెండు వేలే. బుల్లెట్టుకు రెండుసార్లు ట్యాంకు నింపడానికీ చాలదు.

ఇంక అతని సరుకులో మేలిరకం ఆజాద్ వీసా. కువైట్ వీసాల్లో మనవాళ్లకు తెలిసినవి రెండు: కంపెనీ పనికి 18 నంబరు, ఇంటి పనికి 20 నంబరు. డ్రైవరు, వంటమనిషి, పనిమనిషి అందరూ 20 కిందికే వస్తారు. ఆజాద్ అని మూడో నంబరేదీ లేదు. ఒక కువైటీ తన ఇంట్లో డ్రైవరు కావాలని 20 నంబరు వీసా తీస్తాడు, దాన్ని అమ్ముకుంటాడు, నువ్వు యాడన్నా పని చూసుకోపో అంటాడు. అక్కామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్టు, రెన్యువల్‌కు వచ్చినప్పుడల్లా మళ్లీ డబ్బు అడుగుతాడు. బయట పనిచేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం. ఒకరోజు ఆయనకు కోపమొచ్చి మనిషి పారిపోయినాడని కేసు పెడితే అక్కామా పోతుంది. ఆ తర్వాత దిక్కు కువైట్ ప్రభుత్వం ప్రకటించే క్షమాభిక్షే. అది 2018లో వచ్చింది, 2020లో వచ్చింది, 2024లో వచ్చింది, మళ్లీ ఎప్పుడో చెప్పేవాడు లేడు. 20ని 18గా మార్చుకోవచ్చు కదా అని ఏజెంటు ధైర్యం చెప్తాడు. నిజమే, కువైట్ ఆ తలుపు 2024లో రెండు నెలలు తీసింది. తీసినప్పుడు దూరాల.

స్వేచ్ఛ కాబట్టి దీనికి ధర ఎక్కువ. ఆ లెక్క ఒకసారి చూద్దాం, కడపలో ఎవరూ వేయరు కాబట్టి. రెండు లక్షలు, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 6,000. ఇంటిపని వాళ్లకు కువైట్ 2016లో పెట్టిన కనీస జీతం 60 దీనార్లు. దీనారు 270 రూపాయలనుకున్నా 16,200. పనివాడు అక్కడ తినకుండా, తాగకుండా, ఫోన్ రీచార్జి చేయకుండా మొత్తం పంపితే 16వ నెలకు అప్పు తీరుతుంది. రెండేళ్ల కాంట్రాక్టులో మిగిలేది ఎనిమిది నెలలు. అదే 35,400 అదే వడ్డీకి తెచ్చుంటే మూడో నెలకే తీరిపోయేది. మూడు నెలల్లో తీరే అప్పును అప్పని ఎవరంటారు? ఊర్లో పరువుండదు.

ఆడవాళ్ల దగ్గరకొస్తే మనవాళ్ల ప్రతిభ ఇంకో మెట్టెక్కుతుంది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి పోయే ఆడమనిషికి 30 ఏళ్లు నిండాల. ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే పోవాల, మన రాష్ట్రంలో దానికి ఓమ్‌క్యాప్ అనే సంస్థ ఉంది. సబ్ ఏజెంటుకు ఇది చిన్న అడ్డంకి. 24 ఏళ్ల పిల్లకు ఆధార్‌లో ఒక్క మధ్యాహ్నంలో 31 ఏళ్లొస్తాయి. ఆ సాయంత్రానికి 27 ఏళ్ల సొంత అన్నకు ఆమె అక్కయిపోతుంది. రాఖీకి అన్న వచ్చి కాళ్లు మొక్కినా తప్పులేదు. రేషన్ కార్డులో ఒక వయసు, ఆధార్‌లో ఒకటి, బడి సర్టిఫికెట్‌లో ఇంకోటి అయితే రేపు బీమా క్లెయిము దగ్గర ఏది నిజమని అడుగుతారు. అప్పుడు సబ్ ఏజెంటు ఫోను రెండూ స్విచాఫ్.

మగవాళ్లకు ఇంకో సౌకర్యముంది, దొంగ పదో తరగతి సర్టిఫికెట్టు. దాంతో పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉండదు. ముద్ర లేకపోతే క్లియరెన్సు అక్కర్లేదు, కాంట్రాక్టును ఎవరూ తనిఖీ చేయరు, బీమా కట్టమని ఎవరూ అడగరు. గమనించండి: 275 రూపాయలిచ్చి రక్షణ లోపలికి రావడం మనవాడికి ఇష్టం లేదు, వేలకు వేలిచ్చి దాంట్లోంచి బయటపడతాడు.

మెడికల్ గురించి రెండు ముక్కలు చాలు. గల్ఫ్‌కు పోయేవాళ్ల వైద్యపరీక్షల కోసం ఉన్న వఫీద్ వెబ్‌సైటులో స్లిప్పు తీసుకోవాల, అందులో రాసిన సెంటరుకే పోవాల. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, ఛాతీ ఎక్స్‌రే చూస్తారు. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గిపోయినా ఊపిరితిత్తి మీద మచ్చ కనిపిస్తే అన్‌ఫిట్. డబ్బు కట్టకముందే కడపలో ఒక ఎక్స్‌రే తీయించుకుంటే ఇది తెలిసిపోతుంది. కానీ మన ఆచారం ప్రకారం ముందు అడ్వాన్సు, తర్వాతే ఎక్స్‌రే.

సామాను సర్దడంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. పెద్దదర్గాలో చాదర్ కప్పి, దేవుని కడపలో టెంకాయ కొట్టి, నిప్పట్లు, కజ్జికాయలు, చెనిక్కాయల పొడి, ఎర్రకారం వేర్వేరు కవర్లలో కట్టి, సూట్‌కేసును నులక తాడుతో నాలుగు వైపులా బిగించి, పేరూ ఊరూ మార్కరుతో రాస్తారు. రెండు చోట్లే జాగ్రత్త. ఒకటి, కోడికూర మసాలా. పట్టించక ముందే గసగసాలు పక్కన పెట్టాల, పట్టించినాక ఏరలేం. సౌదీ, యూఏఈల్లో గసగసాలను మత్తుమందు కిందే లెక్కేస్తారు. కువైట్ కస్టమ్స్ వాడితో ఆ వాదన పెట్టుకోవడానికి మనవాడికి అరబ్బీ రాదు. రెండోది, బస్సు కదిలే ముందర ఎవరో పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి ఇచ్చే పొట్లం. "మా బామ్మర్దికి నడుంనొప్పి మాత్రలన్నా, ఫర్వానియాలో ఉంటాడు." అందులో ట్రమడాల్ లాంటి మత్తు మాత్రలున్నా, గంజాయి ఉన్నా జైలు మోసినవాడికే, బామ్మర్దికి కాదు. మొహమాటం లేకుండా అక్కడే విప్పి చూడాల. విప్పడమంటే బంధుత్వానికి అవమానమట. సూట్‌కేసు మూత మీద పేరు రాసుకున్నది ఎవరో కాస్త గుర్తుంచుకుంటే మేలు.

కువైట్‌లో ఇంటిపని వాళ్లకోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలు మించి పని చెప్పకూడదు, వారానికొక సెలవు, ఏడాదికి నెలరోజులు జీతంతో సెలవు, పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదు. అయినా పెట్టుకుంటారు. అందుకే పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు మూడూ జిరాక్సు తీసి ఒక సెట్టు ఇంట్లో పెట్టాల, ఫోటో తీసి పెండ్లాం ఫోనుకు పంపాల. జిరాక్సు కాగితం రెండు రూపాయలు. మళ్లీ అదే ఇబ్బంది, మరీ చవక.

కాబట్టి ప్రభుత్వానికి మనవి. బీమా ప్రీమియం 27,500 చేయాల. క్లియరెన్సు ఫీజు 20,000కు తగ్గకూడదు. ఆన్‌లైన్ తీసేసి, రాయచోటి బస్టాండు పక్కన టీ బంకులో, పొద్దుగూకినాక, బుల్లెట్టు మీదొచ్చే అధికారి చెవిలో చెప్పి నగదుగా వసూలు చేయాల. రసీదు అడిగినవాడికి బీమా ఇవ్వకూడదు. వారం తిరిగేలోపల వెయిటింగ్ లిస్టు పడుతుంది, అందులో పేరు ముందుకు జరిపించడానికి సబ్ ఏజెంట్లు తయారవుతారు, వాళ్ల రేటు ప్రస్తుతానికి ఇరవై వేలు, రంజాన్ తర్వాత పెరుగుతుందట.